తిరుగు బస్సుకి రెండు టికెట్లు

జనవరి 11

తూకం బామ్మర్దీ,

బాగున్నావా. నువ్వు బాగుండకపోతే మీ క్వారీ లారీలన్నీ కాటా దాటేసి రాయి ఎక్కువేసుకుని పోతాయి, కాబట్టి బాగుండక ఏం చేస్తావులే. హహ్హ.

మీ అక్క నీ దగ్గరికొచ్చి నాలుగు నెలలైంది. నీ చేత పంపిన కబురు అందింది. విడాకులు కావాలంది కదా. సరే. ఇన్నేళ్లలో ఆవిడ అడిగిందేదీ టైముకి తెచ్చివ్వలేదు, ఇదైనా తెచ్చిద్దామని నిన్న పొద్దున్నే బస్సెక్కి పట్నంలో లాయరు దగ్గరికి వెళ్లా. కోర్టు కూడా అక్కడే. మీకూ మాకూ సరిగ్గా సగం దారి. ఎవరూ ఎక్కువ ఖర్చు పెట్టామని ఏడవక్కర్లేదు.

లాయరు ఒక పెద్దావిడ. కళ్లజోడు పైనుంచి చూస్తుంది. మీ మధ్య ఏం గొడవ అంది. గొడవేం లేదమ్మా, ఆవిడకి నేనంటే విసుగు, నాకూ నేనంటే విసుగే, ఈ విషయంలో మాకు భలే కుదిరింది అన్నా. హహ్హ. నవ్వలేదు. ఇద్దరూ ఒప్పుకుని వేసుకుంటే లాయరు ఒక్కరే చాలట. కొట్లాడుకుంటే చెరో లాయరు, వాయిదా వాయిదాకీ ఫీజు, ఏళ్ల తరబడి. పిల్లలున్నారా అంది. లేరన్నా. అయితే ఇంకా తక్కువలో అయిపోతుంది అంది. చూశావా, ఇన్నేళ్లు మేం ఏడ్చినదానికి ఒక తగ్గింపు దొరికింది.

ఐదో తరగతిలో బడి ఎగ్గొట్టి మళ్లీ వెళ్లనివాణ్ణి, నా లెక్క నువ్వే సరిచూడు. లాయరమ్మకి ముప్పై వేలు. స్టాంపు కాగితాలు, జిరాక్సులు అన్నీ కలిపి రెండు వేలు. పెళ్లి ఫొటో కాపీ ఒకటి కావాలట. విడిపోవాలంటే ముందు కలిసున్నట్టు రుజువు చూపించాలి. నా దగ్గరున్న ఫొటోలో మా వెనకాల నువ్వు నాలుక బయటపెట్టి నిలబడ్డావు, జడ్జిగారు ముందు నీ మీద కేసు పెడతాడు. హహ్హ. బస్సు ఎనభై, ఆటో, టీలు, ఒకరోజు కూలి పోవడం. రెండుసార్లు వెళ్లాలి కాబట్టి అన్నీ రెండింతలు. మొత్తంలో సగం నాది, సగం మీ అక్కది అంది లాయరమ్మ. మీ అక్కది కష్టమైతే చెప్పు, నాది ముప్పావు చేసుకుంటా.

ఫోన్లో ఏదీ రాసుకోవద్దంది లాయరమ్మ. రేపెవరి బుద్ధి మారినా అచ్చేసి కోర్టులో పెడతారట. మీ గుట్టల్లో ఎలాగూ సిగ్నల్ రాదు. మా ఊరికి కంకర తెచ్చే లారీ డ్రైవరే మన పోస్టుమాన్. వాడికి టీ తాగించు, అది బడ్జెట్లో లేదు.

ఇట్లు,
ఇంకా కొన్నాళ్లు నీ బావ


జనవరి 20

బావా,

నీ ఉత్తరం అందింది. లెక్క సరిచూశాను. బస్సు చార్జీ ఒకవైపుదే వేశావు, తిరిగి రావద్దా.

అక్క తన సగం తనే ఇస్తానంది. క్వారీ క్యాంటీన్లో వంటకి కుదిరింది, తెల్లారకముందే వెళ్తుంది. ముప్పావు సంగతి చెప్తే మూతి తిప్పింది. "ఆయన దగ్గర ముప్పావు ఎక్కడుంది, జేబు తిరగేసి చూపించమను" అంది.

నేను పెద్దగా మాట్లాడేవాణ్ణి కాదు, నీకు తెలుసు. కానీ ఒకటి అడుగుతా. నీ సోఫాల షాపు మూసేశానని భోజనాల దగ్గర నవ్వుతూ చెప్పావట. అక్క కూడా నవ్విందట. నెల తర్వాత ఆ వీధిలో పోతుంటే నిజంగానే తాళం కనిపించిందట. ఆ నెలంతా నువ్వు రోజూ పొద్దున్నే డబ్బా పట్టుకుని ఎక్కడికి వెళ్లావు బావా? అక్కకి అప్పుల మీద కోపం లేదు. "ఆయన నవ్వితే ఇంట్లో బియ్యం ఉన్నాయో లేవో కూడా నాకు తెలీదు" అంది. అదే మాట నాలుగు నెలలుగా అంటోంది.

ఉత్తరంలో వేళాకోళాలొద్దు అని రాయమంది. రాస్తున్నా. కానీ నీ ఉత్తరం నా చేత రెండుసార్లు చదివించుకుంది. అది రాయమనలేదు.

నీ బామ్మర్ది


ఫిబ్రవరి 4

తూకం బామ్మర్దీ,

ఎక్కడికి వెళ్లానని అడిగావు. ఎక్కడికీ లేదు. బస్టాండులో బెంచీ మీద కూర్చునేవాణ్ణి. డబ్బా అక్కడే తినేవాణ్ణి. ఆ బెంచీకి ఎవరైనా స్పాంజి వేయించాలి, నేనైతే సగం రేటుకి చేస్తా. హహ్హ.

ఇప్పుడు అసలు సంగతి విను. లాయరమ్మ ఫీజు ముప్పై నుంచి ఇరవై నాలుగుకి దించా. ఎలాగంటావా. వాళ్ల ఆఫీసులో ముగ్గురు కూర్చునే సోఫా ఒకటుంది. మొన్న కాగితాలివ్వడానికి వెళ్లి కూర్చుంటే గుంటలో పడ్డట్టయింది. లేచి నాలుగు వైపులా చూశా. రెండు చివర్లే కుంగిపోయాయి బామ్మర్దీ. మధ్యలో స్పాంజి కొన్ననాడు ఎలా ఉందో అలాగే ఉంది. నేను విప్పిన సోఫాలన్నిట్లో ముందు పోయేది మధ్యే. టీవీకి ఎదురు అదే కదా. ఇలాంటిది ఎప్పుడూ చూడలేదు. ఇదేంటమ్మా అంటే, "ఇక్కడికొచ్చేవాళ్లు మధ్యలో ఎందుకు కూర్చుంటారు" అంది ఆవిడ, ఫైలు మీంచి తలెత్తకుండా.

కొత్త బట్ట, కొత్త స్పాంజి, కుట్టుకూలి అన్నీ నావి, ఫీజులో ఆరువేలు కొయ్యి అన్నా. ఒప్పుకుంది. రెండ్రోజులు అక్కడే నేలమీద కూర్చుని కుట్టా. సందుల్లో చెయ్యి పెడితే ఒక చెవిపోగు, పెన్ను మూతలు, చిన్నపిల్లల బొమ్మ కారు. మా పనిలో సందుల్లో దొరికింది ఇంటివాళ్లకి ఇచ్చెయ్యాలి. ఇవి ఎవరింటివని ఇవ్వను. లాయరమ్మ టేబుల్ మీద పెట్టొచ్చా.

ఇంకోటి, ఎవరికీ చెప్పకు. చివర్లలో స్పాంజి రెండు వేళ్లు ఎత్తుగా వేశా, మధ్యలో మెత్తది వేశా. ఇకమీదట ఎవరు ఏ చివర కూర్చున్నా మెల్లగా మధ్యకి జారతారు. మొహాలు ఎటు తిప్పుకున్నా సరే. హహ్హ.

తగ్గిన ఆరువేలలో సగం మీ అక్క వాటాలో తగ్గించు. నేను కుట్టానని చెప్పకు. లాయరమ్మ మంచిదని చెప్పు.

ఇట్లు,
ఆఫీసు ఫర్నిచర్ స్పెషలిస్టు, నీ బావ


ఏప్రిల్ 8

బావా,

మొన్న కోర్టు నుంచి ఇంటికి వచ్చేసరికి చీకటి పడింది. ఇవాళ నీ మీద నాలుగు మాటలు రాసే పడుకుంటా.

ఖర్చు కలిసొస్తుందని ముగ్గురం ఒక్క ఆటోలో వెళ్దామన్నావు. సరే అన్నాం. ఎక్కి కూర్చున్నాక ఆటో అతనితో బేరం ఏమిటి బావా. "వెళ్లేటప్పుడు మొగుడూ పెళ్లాం కాబట్టి ఒక్క మనిషి కింద లెక్కేసుకో, వచ్చేటప్పుడు కావాలంటే విడివిడిగా తీసుకో" అంటావా. అతను వెనక్కి తిరిగి చూసి ఆటో గుంటలో దించాడు. అక్క మూతి బిగించుకుంది. పక్కన కూర్చున్నవాణ్ణి కాబట్టి నాకు తెలుసు, భుజాలు ఊగాయి.

లాయరమ్మ ఆఫీసులో అక్క ఆ చివర, నువ్వు ఈ చివర కూర్చున్నారు. కాసేపటికి అక్క హ్యాండ్‌బ్యాగూ నీ గుడ్డసంచీ మధ్యలో ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. అక్క వంగి సోఫా అంచు తడిమింది. "ఇది మీ బావ కుట్టు" అంది నాతో. నేను చెప్పలేదు, నా మీద ఒట్టు. నువ్వు ముడి వేసి దారం లోపలికి తోస్తావట, మిగతావాళ్లు పైన కోసేస్తారట. ఇంటికొచ్చాక తన వాటాలో తగ్గించిన మూడువేలు మళ్లీ కవర్లో పెట్టి ఇచ్చింది. నేను తీసుకోలేదు. నాకెందుకు మీ గొడవ.

జడ్జిగారు ఆర్నెల్లు ఆలోచించుకుని రమ్మన్నారు కదా. అక్టోబరు అన్నమాట.

నీ బామ్మర్ది


ఏప్రిల్ 17

బామ్మర్దీ,

ఆర్నెల్లు ఆలోచించుకోమన్నాడు. నా జన్మలో ఏ సంగతీ ఆరు నిమిషాలకి మించి ఆలోచించలేదు, ఈయనేంటి మొత్తం సామాను ఒకేసారి దించేశాడు అనుకున్నా. హహ్హ.

కోర్టు బయట టీ దగ్గర చూశావా. బన్ను ఒక్కటే మిగిలిందన్నాడు టీకొట్టువాడు. మీ అక్క విరిచి పెద్దముక్క నా ముందు పెట్టి చిన్నది తను తీసుకుంది. నావైపు చూడలేదు. అలవాటులో చేసిందేమో. అలవాటేలే. నువ్వు చూశావో లేదో అని అడుగుతున్నా, అంతే.

రోజూ అదే ఆలోచిస్తున్నా. జడ్జిగారి మాట వినాలి కదా.

బావ


జూలై 2

బావా,

నీకు సిగ్గుందా. మా మేనేజరు సంతకంతో వచ్చిన ఉత్తరం నీదే అని ఇవాళ తేలింది. కాటా తేడా చూపిస్తోంది, తనిఖీ కోసం కాటా మనిషి రోజూ అన్నం తినకముందు ఒకసారి, తిన్నాక ఒకసారి ఎక్కి తూకం రాసి పంపాలి అని రాశావు. రెండ్రోజులు ఎక్కాను. లారీ కాటా మీద నేనొక్కణ్ణే డబ్బా పట్టుకుని నిలబడ్డాను. డ్రైవర్లు వరసగా హారన్లు కొట్టారు. మన పోస్టుమాన్ డ్రైవరుకి ముందే తెలుసట, దారి పొడుగునా నవ్వుకుంటూ తెచ్చాడట. నేను సున్నా కిలోలు చూపించాను బావా. ఆ కాటాకి మనుషులు ఆనరు.

ఇకనుంచి నువ్వు రాసిందేదీ ఒక్కసారికి నమ్మను. రాసిపెట్టుకో.

అక్క మాత్రం ఆ కథ విని అన్నం గరిటె పట్టుకునే గోడకి ఆనుకుని నవ్వింది. ఈ ఇంటికొచ్చాక అంత నవ్వడం ఇదే చూశాను. లారీ వచ్చినప్పుడల్లా "మీ బావ రెండో బడ్జెట్ రాలేదా" అని అడుగుతోంది. ఎందుకక్కా అంటే, డబ్బు సిద్ధం చేసుకోవద్దా అంటోంది.

నీ బామ్మర్ది


సెప్టెంబరు 6

సున్నా కిలోల బామ్మర్దీ,

ఇంకో నెలలో కోర్టు రెండో పిలుపు. ఇదిగో రెండో బడ్జెట్. ఆర్థికమంత్రిలాగ సంచి ఒకటి కొనుక్కుందామనుకున్నా, నేనే కుట్టుకున్నా, సోఫాబట్ట మిగిలింది. హహ్హ.

లాయరమ్మకి మిగిలిన సగం: పన్నెండు వేలు. ఆవిడ కుర్చీ కూడా కిర్రుమంటోంది, కానీ బాగుచెయ్యను. కిర్రు వినపడితే లేస్తోందని క్లయింట్లకి తెలుస్తుంది. హహ్హ.

జిరాక్సులు: పోయినసారి అంతే. జిరాక్సు కొట్టువాడు మా పెళ్లి ఫొటో చూసి, వెనకాల నాలుక బయటపెట్టినాయనకి ఏమైంది సార్, బతికున్నాడా అన్నాడు. ఉన్నాడు కానీ బరువు లేదన్నా. హహ్హ.

ఆటో: ఒకటే. ఈసారి నేను డ్రైవరు పక్కన కూర్చుంటా, నోరు మూసుకుంటా. నోరు మూసినందుకు అదనంగా ఏమైనా ఇస్తారేమో మీ అక్కని అడుగు. హహ్హ.

టీ: మూడు. బన్నులు మూడు. ఈసారి ముందే చెప్పి పెట్టిస్తా. హహ్హ.

తిరుగు బస్సు: మా ఊరికి రెండు టికెట్లు, మీ ఊరికి ఒకటి. మీ అక్క ఒప్పుకుంటే. లాయరమ్మని అడిగా, ఈసారి ఇద్దరం కోర్టు గుమ్మం ఎక్కకపోతే కేసు దానంతటదే పోతుందట, దానికి ఖర్చేమీ ఉండదట. షాపు మళ్లీ తెరిచా. పాతది కాదు, చిన్నది, అద్దె కట్టగలను. తాళంచెవులు రెండు చేయించా. రెండోది మీ అక్క దగ్గరుండాలి. అడిగి చూడు.

చేతిరుమాళ్లు: రెండు. రెండూ నీకే. ముగ్గురిలో ఏడ్చేది నువ్వే. హహ్హ.

ఆలోచించి జవాబు రాయి. తొందరేం లేదు. లారీ ఇక్కడ గురువారం దాకా ఉంటుంది, మళ్లీ వారానికి వస్తుంది.

నీ బావ


సెప్టెంబరు 16

బావా,

నీ బడ్జెట్ అక్కకి చదివి వినిపించాను. నవ్వీ నవ్వీ కొంగుతో కళ్లు తుడుచుకుంది. మా ఆవిడ లోపల్నుంచి వచ్చి ఏమైందని కంగారు పడింది. "ఇప్పటికీ మారలేదు చూడు ఈ మనిషి" అంది అక్క. ఇంకా ఏమైనా రాశాడా అని అడిగింది. అంతే అన్నాను. అయితే సరే, ఆయన లెక్క ప్రకారమే కానిద్దాం అంది. తన వాటా కవర్లో పెట్టి ఇచ్చింది.

మా ఇద్దరికీ తిరుగు టికెట్లు నేనే తీసుకుంటా. ఆ ఖర్చు నీ లెక్కలోంచి తీసెయ్.

తొమ్మిదింటికి బస్టాండులో కలుద్దాం.

నీ బామ్మర్ది


సెప్టెంబరు 23

సరే. వస్తా. టీ డబ్బులు నేనే ఇస్తా.

బావ


అక్టోబరు 10

బావా,

నీ ఆఖరి ఉత్తరం రెండు లైన్లే ఉంటే జ్వరమొచ్చిందేమో అనుకున్నా. మనిషిని చూశాక జ్వరం కాదని తెలిసింది, మరేంటో తెలీలేదు.

ఆటోలో అన్నమాట ప్రకారం ముందు కూర్చున్నావు. నిజంగానే నోరు మూసుకున్నావు. పోయినసారి ఆటో అతనే వచ్చాడు, గుర్తుపట్టి "ఈసారి ఎలా లెక్కెయ్యమంటారు సార్" అన్నాడు. నువ్వు రోడ్డు చూస్తూ కూర్చున్నావు. అక్క అద్దంలో నిన్నే చూసింది.

లాయరమ్మ ఆఫీసులో మీరు చెరో చివర కూర్చుంటే నిలబడి ఏం చేస్తానని నేను మధ్యలో కూర్చున్నా. నీ స్పాంజి ధర్మమా అని ఇద్దరూ రెండు వైపుల నుంచీ నామీదకి ఒరిగారు. ఇటు నీ భుజం, అటు అక్క భుజం. లేద్దామనుకున్నా. ఎవరూ సర్దుకోలేదు. నేనూ లేవలేదు. పిలిచేదాకా అలాగే కూర్చున్నాం.

జడ్జిగారు ముందు అక్కని అడిగారు, ఇది మీ ఇష్టప్రకారమేనా అని. అక్క నీవైపు తిరిగి చూసింది. నువ్వు కాళ్ల వైపు చూసుకుంటున్నావు. అప్పుడు అవునండీ అంది. నిన్నడిగితే అవునండీ అన్నావు. అయిపోయింది. ఇంత ఖర్చు పెట్టింది ఆ రెండు మాటలకా అనిపించింది నాకు.

మా బస్సు కదిలేదాకా నిలబడ్డావు. చెయ్యి ఊపితే నేనూ ఊపేవాణ్ణి. చేతిరుమాళ్ల లెక్క మాత్రం కరెక్టు. రెండూ నాకే సరిపోయాయి.

ఒక్క సంగతి చెప్పాలి, దాచుకోవడం నాకు రాదు. నీ బడ్జెట్ మొత్తం అక్కకి చదివాను కానీ ఆ రెండు టికెట్ల జోకు ఒక్కటి వదిలేశాను. షాపు తాళం చూసి ఇల్లు వదిలొచ్చిన మనిషికి మళ్లీ షాపూ, తాళంచెవీ అని ఎలా చదవను బావా. మిగతావాటికి హాయిగా నవ్వుతోంది, ఎందుకు మొహం మాడ్పించాలి అనుకున్నా. వేళాకోళానికీ ఒక హద్దుంటుంది కదా. ఏమనుకోకు.

లెక్క పోను నాలుగొందల ఇరవై మిగిలాయి. సగం నీవి. లారీలో పంపుతున్నా.

నీ బామ్మర్ది. నేను ఇలాగే సంతకం పెడతా, కోర్టు ఏమన్నా సరే.


అక్టోబరు 15

బామ్మర్దీ,

అది జోకు కాదు.

చదివి వినిపించాను, నవ్వింది అన్నావు. నేను ఆ మాటకే నవ్విందనుకున్నా. తిరుగు టికెట్లు నేనే తీసుకుంటా, ఆ ఖర్చు తీసెయ్ అన్నావు. అదే మీ అక్క జవాబు అనుకున్నా. అందుకే ఇంకేమీ రాయలేదు.

నిన్ను ఏమీ అనను. నిన్ను కాటా మీద నిలబెట్టింది నేనే. నమ్మనని నువ్వు ముందే రాశావు, చదివి నవ్వుకున్నా.

మీ అక్కకి చెప్పకు. ఇప్పుడు చెప్పినా ఏం లాభం.

బావ


అక్టోబరు 26

బావా,

చెప్పొద్దన్నావు. చెప్పాను. రెండు రాత్రులు పడుకోలేకపోయాను. మా ఆవిడే అంది, నువ్వు చెప్తావా నన్ను చెప్పమంటావా అని.

క్యాంటీన్ నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటోంది అక్క. నీ బడ్జెట్ ఉత్తరం చేతికిచ్చి ఆ టికెట్ల లైను చూపించా. తడిచేతులతోనే తీసుకుంది. నిలబడి చదివింది. జోకనుకున్నానక్కా అన్నా. నావైపు చూసి, "దీని చివర హహ్హ ఏదిరా" అంది.

నేను తీసుకుని చూశా. లేదు బావా. అన్నిటికీ ఉంది. ఆటోకుంది, జిరాక్సుకుంది, నా చేతిరుమాళ్లకీ ఉంది. దానికొక్కదానికే లేదు. రోజంతా కాటా మీద లారీల తూకం తేడా పట్టుకునేవాణ్ణి, ఇది నాకు కనపడలేదు. "షాపు సంగతి నాతో నవ్వుతూ చెప్పాడు. ఇది నవ్వకుండా రాశాడు. ఆ తేడా నాకు తెలుసు, నీకు తెలీదు, నీ తప్పు కాదు" అంది.

చాలాసేపు గుమ్మంలో కూర్చుంది. నేను దూరంగా నిలబడ్డా. తర్వాత అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నా. ఇకమీదట ఏదీ వదలను.

"జడ్జిగారు అడిగినప్పుడు ఈయన ఏదో ఒక పిచ్చిమాట అంటాడని చూశాను. అంటే నవ్వేసి బయటికి వచ్చేద్దామనుకున్నాను. బుద్ధిగా అవునండీ అన్నాడు. ఇన్నేళ్లకి మొదటిసారి సూటిగా జవాబు చెప్పాడు కదా, నిజంగానే వద్దనుకున్నాడు అనుకున్నాను."

మళ్లీ కాసేపటికి, "అయినా ఆ ఒక్క మాట రాయడానికి టీ ఖర్చుకీ చేతిరుమాళ్ల ఖర్చుకీ మధ్యే దొరికిందా చోటు? బస్సెక్కి వచ్చి నా ముందు నిలబడి అడిగితే ఎంతయ్యేది?" అంది.

మళ్లీ కలుస్తారా అని నేను అడగలేదు. అడిగే మొహం లేదు. తనే అంది, "ఇప్పుడు నాకు ఓపిక లేదురా. కాగితం వచ్చేసింది, పని కుదిరింది. ఆయనకేమైనా చెప్పాలని ఉంటే నాకే రాయమను, నీకు కాదు. నువ్వు మధ్యలోంచి లే."

నీ ఉత్తరం తన దగ్గరే పెట్టుకుంది. లారీకి ఇవ్వలేదు, పొయ్యిలో వెయ్యలేదు. ఎక్కడ పెట్టిందో చూడలేదు.

బావా, నన్ను తిట్టు. జోకేసి అయినా తిట్టు.

నీ బామ్మర్ది


నవంబరు 9

బామ్మర్దీ,

తిట్టడానికి కూర్చున్నా, రాలేదు. రెండొందల పది అందాయి. లెక్క సరిపోయింది.

మీ అక్కకి రాయాలని పది రోజుల నుంచి షాపు మూశాక కాగితం తీస్తున్నా. మొదటి లైను వస్తుంది. రెండో లైనుకి చెయ్యి దానంతటదే ఏదో ఒకటి కెలకబోతుంది. కొట్టేస్తా. కొట్టేశాక మొదటి లైను కూడా అబద్ధంలా కనిపిస్తుంది. మళ్లీ కొత్త కాగితం. ఎంతయ్యేది అని అడిగింది కదా. మా ఊరి నుంచి మీ క్వారీ దాకా బస్సు నూట అరవై. ఆర్నెల్లలో నా దగ్గర నూట అరవై లేక కాదు. ఎదురుగా వద్దు అంటే ఏం మొహం పెట్టాలో నాకు తెలీదు. నాకున్నది ఒక్కటే మొహం.

నీకు ఇంకోటి చెప్పాలి. వద్దందని అనుకుంటూనే కోర్టు రోజు పొద్దున మీరు రాకముందు కౌంటర్ దగ్గరికి వెళ్లి మా ఊరికి రెండు టికెట్లు తీసుకున్నా. ఎందుకో అడక్కు. మీ బస్సు వెళ్లాక నా బస్సెక్కా. కిటికీ పక్కది ఖాళీగా ఉంచి ఇటు కూర్చున్నా. బస్సు నిండిపోయింది. ఒక పెద్దాయన మూట పట్టుకుని నిలబడ్డాడు. కండక్టరు వచ్చి, ఈ సీటు ఎవరిది అన్నాడు. టికెట్టు చూపించా. మనిషేరీ అన్నాడు. వస్తారు అన్నా. బస్టాండు దాటాక మళ్లీ అడిగాడు. ముందు స్టాపులో ఎక్కుతారు అన్నా. మూడోసారి అడగలేదు. నా మొహం చూసి వెళ్లిపోయాడు. సగం దారిలో లేచి ఆ పెద్దాయన్ని కూర్చోబెట్టా. నేను నిలబడ్డా.

ఆ రెండో టికెట్టు ఇందులో మడిచి పెట్టా. ఇది మీ అక్కకివ్వు. నువ్వు మధ్యలోంచి లేచావని తెలుసు, ఈ ఒక్కసారికి కూర్చో. నేను రాసిన కాగితాల కంటే ఇదే నయం, దీని మీద నా రాత లేదు. తేదీ అయిపోయింది, ఇక చెల్లదు. ఆ సంగతి ముందే చెప్పి ఇవ్వు.

బావ